ఇరవై ఒక్క వారాలు

ఇరవై ఒకటి ఉండాల్సిన గడిలో ఆరు ఉంది.

సిర్గా మళ్లీ చూసింది. కళ్లు తుడుచుకుని మూడోసారి చూసింది. ఆరే.

క్షయ ఎలా పాకుతుందో లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ అది, ఏడాది కిందట మంత్రిత్వ శాఖకు వెళ్లింది. కింద తయారు చేసినవారి పేరు దగ్గర తన పేరే ఉంది. ఆ మోడల్ చెప్పిందన్న మాట మీదే కరా-సెంగిర్ లోయలో కొండ కేంద్రాలన్నీ, గుర్రం మీద తిరిగి కళ్లె సేకరించే కాంపౌండరుతో సహా, మూసేశారు. ఆ లోయలోనే ఆమె తమ్ముడు కుబాత్ క్షయతో దగ్గి దగ్గి చనిపోయాడు.

ఇవాళ అతని నలభయ్యో రోజు.

వంటింట్లో నూనె సలసల కాగుతోంది. అత్తగారు ఝీపార్ బోర్సోకుల పిండి ముక్కలు కోసి నూనెలో వేస్తోంది. పదకొండు నెలల పాప ఆమె వీపున కట్టిన శాలువాలో నిద్రపోతోంది. ఇంకో గంటలో అందరూ లోయకు బయలుదేరాలి.

"కోడలా! ఆ పెట్టె మూసి ఇటు రా. చేతులు రెండే ఉన్నాయి నాకు."

సిర్గా కళ్లు తెర మీదే ఉన్నాయి.

ఇన్నాళ్లూ ఆమె ఒకటే అనుకుంది. కేంద్రాలు మూయొద్దని మోడల్ చెప్పినా పెద్దవాళ్లు వినలేదని. తను ప్రసూతి ఆస్పత్రిలో ఉండగా కమిటీ ఏదో నిర్ణయం తీసేసుకుందని. మోడలే మూసేయమని చెప్పిందని నిన్నటిదాకా తెలియదు. నిన్న రాజధాని నుంచి కమిటీ కార్యదర్శి బెక్‌సుల్తాన్ ఆ కాపీ పంపాడు. "ఇదే పద్ధతి ఇంకో పదకొండు లోయలకు పెడుతున్నాం. మీదే కదా, సంతకానికి ముందు ఒకసారి చూడండి" అని మర్యాదగా రాశాడు.

చూసింది.

మోడల్ బొమ్మలో మూడు తొట్లు, వాటి మధ్య గొట్టాలు. మొదటి తొట్టిలో బాగున్నవాళ్లు. రెండో దాంట్లో దగ్గుతున్నా ఇంకా పరీక్ష జరగనివాళ్లు. మూడో దాంట్లో మందులు మింగుతున్నవాళ్లు. రెండో తొట్టి ఎంత నిండితే మొదటి దాంట్లోంచి జనం అంత వేగంగా అందులోకి జారతారు. కాబట్టి అంతా ఒక్క అంకె మీద ఉంది. కొండ కేంద్రాలు లేకపోతే, దగ్గు మొదలైన రోజు నుంచి కళ్లె పరీక్ష దాకా ఎన్ని వారాలు? తక్కువైతే కేంద్రాలు మూసినా ఫరవాలేదు, ఎక్కువైతే మూయకూడదు.

రెండేళ్ల కిందట ఆ బొమ్మ గీయడానికి లోయ బడిలో అందర్నీ కూర్చోబెట్టింది సిర్గా. డాక్టర్లు, నర్సులు, గొర్రెల కాపరులు. గోడకు అంటించే పూల కాగితం చుట్ట తిరగేసి నేల మీద పరిచారు. ఆ అంకె దగ్గరికి వచ్చేసరికి ఆమె మామగారు "ఆరు. రిజిస్టర్లో అలాగే ఉంది" అన్నాడు.

కుబాత్ పగలబడి నవ్వాడు.

"రిజిస్టరు మీరు పట్నంలో కూర్చుని రాస్తారు డాక్టరు మామయ్యా! పైన పచ్చిక మీద దగ్గితే మావాళ్లు దాన్ని దగ్గనరు. గడ్డి దుమ్మంటారు. కుమిస్ తాగు, పులిసిన గుర్రప్పాలకి అదే పోతుందంటారు. కిందికి దిగాకే మీ లెక్కలో దగ్గు మొదలవుతుంది. మేము మేలో ఎక్కితే అక్టోబరులో దిగుతాం. మధ్యలో ఆ రోగం సెలవు పెట్టి కూర్చుంటుందా?"

బడి మొత్తం నవ్వింది. కుబాత్ మోకాళ్ల మీద వంగి, రెండో తొట్టికీ మూడో తొట్టికీ మధ్య కొండలా వంపు తిరిగిన గీత గీశాడు. దాని పక్కన రాశాడు. "గుర్రం కాంపౌండరు పైకి రాకపోతే - ఇరవై ఒక్క వారాలు."

ఆ అంకెను సిర్గా తన చేత్తోనే మోడల్లోకి ఎక్కించింది.

దాన్నెవరు మార్చారు?

ఫైలు పాత మార్పులన్నీ గుర్తుపెట్టుకుంటుంది. సిర్గా తేదీ వెతికింది. మార్చి పద్నాలుగు. మధ్యాహ్నం నాలుగుంబావు. ఈ ఇంటి కంప్యూటర్. వాడిన మనిషి పేరు దగ్గర, ఎర్మెక్.

ఆమె భర్త.

"ఎర్మెక్! ఒకసారి లోపలికి రా."

ఎర్మెక్ వాకిట్లో గొర్రెను రెండో కారులోకి ఎక్కించి కట్టేస్తున్నాడు. చేతులు పంట్లాముకు తుడుచుకుంటూ వచ్చాడు. తండ్రి నడిపే ఊపిరితిత్తుల ఆస్పత్రిలోనే అతనికి రిజిస్టర్ల లెక్కలు చూసే ఉద్యోగం. తెర మీద వెలుగుతున్న అంకెను చూశాడు. ముఖం పాలిపోయింది.

ఆశ్చర్యపోలేదు. అది సిర్గా గమనించింది.

"ఇది ఎవరు మార్చారు?"

అతను కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"చెవుడొచ్చిందా? ఎవరు మార్చారు?"

"నేనే."

"నువ్వే?"

"నేనే అంటున్నాగా. రిజిస్టర్లో ఆరే ఉంది. నీది తప్పనిపించింది, సరిచేశాను. తర్వాత చెబుదామనుకున్నాను, పాప పుట్టిన గొడవలో..."

"ఏ రోజు?"

"ఏదో ఒక రోజు. మార్చిలో."

"పద్నాలుగు. నాలుగుంబావుకి." సిర్గా గొంతు పెరగలేదు. "పాప ఎన్నింటికి పుట్టింది ఎర్మెక్?"

అతను వాకిలి వైపు చూశాడు.

"నేను చెప్పనా? నాలుగూ అయిదు నిమిషాలకి. ఆస్పత్రి కిటికీ కింద మంచులో నిలబడి 'ఆడపిల్లా, మగపిల్లాడా' అని అరిచావు. నర్సు కిటికీ తీసి తిట్టింది. అయినా చీకటి పడేదాకా అక్కణ్నుంచి కదల్లేదు. మూడో అంతస్తు వాళ్లంతా నిన్ను చూసి నవ్వారు. అక్కడ అరుస్తూ ఇక్కడ కంప్యూటర్ ముందు ఎలా కూర్చున్నావు? రెండు ఒళ్లున్నాయా నీకు?"

వంటింట్లో చిల్లుల గరిటె చప్పుడు ఆగిపోయింది.

ఇంట్లో ఆ రోజు ఇంకెవరున్నారో ఎవరూ అడగక్కర్లేదు. వెచ్చబెట్టే పొయ్యి పైన గోడకు ఆయన ఫొటో ఉంది. తెల్ల కోటు, ఛాతీ మీద పతకం, వెనకాల పచ్చిక మీద వరసగా తెల్ల గుడారాలు. ముప్పై ఏళ్ల కిందట ఆయన స్థాపించిన కుమిస్ ఆరోగ్య శిబిరం. ఎర్మెక్ తండ్రి, జిల్లాలో ప్రధాన వైద్యుడు, మోడల్ కమిటీకి అధ్యక్షుడు. డాక్టర్ కెరిమ్‌కుల్. తొమ్మిదేళ్ల కాపురంలో సిర్గా ఆ పేరు ఒక్కసారి కూడా పలకలేదు. కోడళ్లు మామగారి పేరు పలకరు. ఆఫీసు కాగితాల్లో కూడా ఆమె 'ప్రధాన వైద్యుడు' అనే రాస్తుంది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"సిర్గా, నాన్న వాకిట్లో ఉన్నాడు. మెల్లగా..."

"కుబాత్ రక్తం కక్కుతూ కొండ దిగినప్పుడు తెలుసా?"

అతను కిటికీ తలుపు దగ్గరగా వేశాడు.

"పాడె ఒక కొమ్ము నువ్వే మోశావు. అప్పుడు తెలుసా?"

ఎర్మెక్ కళ్లు నేలకు దిగాయి. ఆ చూపే చాలు.

"ఆయన మా నాన్న సిర్గా. ఈ వయసులో ఆయన్ని నలుగురిలో నిలబెట్టమంటావా? నీకు తమ్ముడు పోయాడు, నిజమే. నాకు..."

"నీకేం పోలేదు." సిర్గా లాప్‌టాప్ మూసింది. "సరే. నువ్వే మార్చానన్నావుగా. గుర్తుంచుకో ఆ మాట. మార్చకు."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి, గరిటె అందుకుని, బోర్సోకులు తిరగేయడం మొదలుపెట్టింది. ఒక్కటి కూడా మాడనివ్వలేదు.

*

కారు కెరిమ్‌కుల్ నడుపుతున్నాడు. పక్క సీట్లో బెక్‌సుల్తాన్. పొద్దున్నే రాజధాని నుంచి దిగాడు. ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాడు, అందుకని వచ్చాడు. ఒళ్లో నీలం అట్ట ఫైలు ఉంది, అందుకనీ వచ్చాడు.

వెనక సీట్లో ఝీపార్, పాప, సిర్గా. ఎర్మెక్ గొర్రెతో వెనక కారులో వస్తున్నాడు. కిటికీ బయట ఫిబ్రవరి మంచు తప్ప ఏమీ లేదు.

"చావింట్లో ఆఫీసు పని పెట్టుకున్నందుకు ఏమనుకోవద్దమ్మా" అన్నాడు బెక్‌సుల్తాన్ వెనక్కి తిరిగి. "సోమవారం మంత్రిగారి బల్ల మీద ఉండాలి. భోజనాలయ్యాక డాక్టరుగారు ఒక్క సంతకం పెడితే చాలు. అయినా మీ మోడల్ ఎంత బాగా పనిచేసిందో చూశారా? కేంద్రాలు మూయగా మిగిలిన డబ్బుతో పట్నం ఆస్పత్రికి కొత్త ఎక్స్‌రే మిషన్ వచ్చింది. ఒక్క ఏడాదిలో ఆ లోయలో కేసులు సగానికి సగం తగ్గాయి!"

"ఎవరు లెక్కపెట్టారు?"

"అంటే?"

"కొండెక్కి కళ్లె తెచ్చే మనిషిని తీసేశారు కదా. ఇంక కేసులు ఎవరు పట్టుకుంటారు? పోలీసు స్టేషన్ మూసేస్తే దొంగతనాలు కూడా తగ్గుతాయి, కాగితం మీద."

బెక్‌సుల్తాన్ నవ్వాలా వద్దా తెలియక డాక్టరు వైపు చూశాడు.

కెరిమ్‌కుల్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "అమ్మాయి బాధలో ఉంది" అన్నాడు. "తమ్ముణ్ని తల్లిలా పెంచింది."

"అవును మామయ్యా. పెంచాను. వాడికి ఆరేళ్లప్పుడు అమ్మా నాన్నా పోయారు." సిర్గా ముందుకు వంగింది. "ఒక్క మాట అడగనా? మోడల్లో ఒక అంకె తప్పని తేలితే, ఆ సంతకం పెడతారా?"

అద్దంలో ఆయన కళ్లు ఒక్క క్షణం ఆమె కళ్లను కలుసుకున్నాయి. పక్కకు జరిగాయి.

"ఏ అంకె?" అన్నాడు బెక్‌సుల్తాన్.

"తమ్ముడు పోయాక ఏ అక్కకైనా అన్ని అంకెలూ తప్పుగానే కనిపిస్తాయి" అన్నాడు కెరిమ్‌కుల్ నెమ్మదిగా. "రిజిస్టర్లున్నాయి. రికార్డులున్నాయి. విజ్ఞానం ఏడుపుల మీద నడవదు బెక్‌సుల్తాన్."

బెక్‌సుల్తాన్ గౌరవంగా తల ఊపాడు. ఫైలు మీద చెయ్యి సర్దుకున్నాడు.

అంతే. అంత తేలిక. సిర్గా వెనక్కి వాలింది. ఈయన పేరు ఎత్తి నిలదీస్తే ఏమవుతుంది? కంప్యూటర్లో ఉన్నది కొడుకు పేరు. బాధతో మతి పోయిన కోడలు హద్దు మీరింది అంటారు. పెద్దలు ఆయన భుజం తట్టి ఓదారుస్తారు. సంతకం పడిపోతుంది. పదకొండు లోయల్లో పదకొండు మంది గుర్రం కాంపౌండర్లు ఇంటికి పోతారు. వచ్చే మేలో ఎవరి తమ్ముడో దగ్గుతూ కొండెక్కుతాడు.

ఝీపార్ ఆమె చెవి దగ్గరికి వంగింది.

"నీ మొహం చూస్తే భయమేస్తోంది కోడలా. నువ్వు వెళ్లేది ఏడవడానికా, కొట్లాడ్డానికా?"

"మా లోయలో రెండూ ఒకటే అత్తయ్యా."

"పొద్దున్న మీ మాటలు విన్నాను."

"తెలుసు. గరిటె ఆగింది."

"మరి నా కొడుకు మొహమైనా చూడు. మీ మామగారి పేరు నోటికి రానీకు. నీకు దణ్ణం పెడతాను."

సిర్గా నిద్రపోతున్న పాప టోపీ సరిచేసింది.

"భయపడకండత్తయ్యా. ఆయన పేరు నేను పలకను." కిటికీ వైపు తిరిగి, ఎవరికీ వినపడనంత మెల్లగా ముగించింది. "ఆయన కొడుకు పేరు పలుకుతాను."

*

కుబాత్ వాకిట్లో ఉన్ని గుడారం మళ్లీ వేశారు. లోపల అతని టోపీ, కొరడా, గుర్రం జీను గోడకు తగిలించి ఉన్నాయి. అతని భార్య నాజిక్ నల్ల గుడ్డ కట్టుకుని గోడకు ముఖం పెట్టి కూర్చుంది. సిర్గాను చూసి చెయ్యి చాచింది. ఆ చేతిలో ఎముకలే ఉన్నాయి.

"వదినా, నా వల్ల కావట్లేదు. పొద్దున్నుంచి పాడుతున్నాను. గొంతు లేదు."

"నువ్వు ఊరుకో. ఇంక నేనెత్తుకుంటాను."

బయట మగవాళ్లు చేతికర్రల మీద వంగి వరసగా నిలబడ్డారు. వచ్చే ప్రతి చుట్టమూ దూరం నుంచే "తమ్ముడో, నా తమ్ముడో" అని అరుస్తూ వస్తాడు. లోపల ఆడవాళ్లు శోకం పాడతారు. వాకిలికి వీపు పెట్టి, గోడకు ముఖం పెట్టి పాడతారు. చచ్చినవాడి మంచి చెబుతారు, బతికున్నవాడి చెడు చెబుతారు. శోకం పాడే ఆడదాన్ని ఎవరూ ఆపరు. మగవాడెవడూ ఆ సమయంలో లోపల అడుగుపెట్టడు. తాతల నాటి నుంచి ఆ నోటికి అడ్డు లేదు.

ఉన్ని గోడ గాలిని ఆపుతుంది. మాటను ఆపదు.

సిర్గా నాజిక్ పక్కన కూర్చుని నడుం మీద చేతులు పెట్టుకుంది. మొదటి పాదం గొంతులోంచి ఊడిపడింది.

"మేలో ఎక్కావు తమ్ముడా, మెలికల దారి వెంట
మొదటి దగ్గు దగ్గావు, గుర్రం చెవి రిక్కించింది
గుర్రానికి తెలిసింది తమ్ముడా, పట్నానికి తెలియలేదు"

బయట ముసలివాళ్లు తలలు ఊపారు. బాగా ఎత్తుకుంది. ఆ ఇంటి ఆడపిల్లకు గొంతుంది.

"రెండు వారాలకొకసారి సీసాలు కట్టుకుని
గుర్రం మీద వచ్చేవాడు కాంపౌండరు, ఏడీ?
జూన్ చూశావు తమ్ముడా, జులై చూశావు
కనుమ వైపు చూసి చూసి కళ్లు కాయలు కాశాయి"

నాజిక్ ఏడుపు ఒక్కసారి పెరిగింది. నిజంగానే చూసేవాడు. సాయంత్రం పాలు పితికాక, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని.

"పూల కాగితం తిరగేసి నువ్వు గీసిన గీత
ఇరవై ఒకటి రాశావు, నీ చేత్తో రాశావు
ఇరవై ఒకటి చెరిపారు తమ్ముడా, ఆరని రాశారు
పదిహేను వారాలు కోసి నీ గోతిలో పూడ్చారు"

వాకిట్లో దగ్గులు, గొణుగుళ్లు ఆగిపోయాయి.

బెక్‌సుల్తాన్ తల ఎత్తాడు. ఫైలు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కరా-సెంగిర్ శోకంలో అంకెలు వినడం అతనికి ఇదే మొదటిసారి. కానీ ఆరు అన్న అంకె అతనికి తెలుసు. అది అతని ఫైల్లో నాలుగో పేజీలో ఉంది.

సిర్గా ఊపిరి పీల్చుకుంది. ఉన్ని గోడకు అవతల, మూడడుగుల దూరంలో మామగారు నిలబడి ఉన్నాడని ఆమెకు తెలుసు. ఆయన బూట్ల కింద మంచు కిరకిరలాడింది.

"ఎవరు చెరిపారంటే తమ్ముడా, ఎలా చెప్పను
నా పక్కలో పడుకున్నవాడు, నా బిడ్డకు తండ్రి
ఎర్మెక్ చెరిపాడు తమ్ముడా, నీ బావే చెరిపాడు
నిన్ను మోసిన భుజంతోనే నీ గొయ్యి తవ్వాడు"

గుడారంలో ఆడవాళ్లు ఒక్కసారిగా ఆమె వైపు తిరిగారు. ఝీపార్ నోట్లో గుడ్డ కుక్కుకుంది. నాజిక్ వదిన మోచెయ్యి వదిలేసింది, కాలినట్టు.

బయట ఎవరో చేతికర్రను మంచులో పొడిచారు.

"ఎర్మెక్." కుబాత్ పెద్దనాన్న గొంతు అది. ఎనభై ఏళ్లవాడు. "ఏంటిరా ఇది? మా పిల్ల అబద్ధం ఆడదు. నిజమేనా?"

సిర్గా గోడ వైపే చూస్తోంది. పాట ఆపేసింది. ఎర్మెక్, కాదను. ఒక్కసారి కాదని, కిటికీ కింద ఉన్నానని చెప్పు. నాన్న అని చెప్పు. నిన్ను క్షమిస్తానేమో.

"నిజమే" అన్నాడు ఎర్మెక్. "నేనే మార్చాను."

ఎవరో ఉమ్మారు. ఎర్మెక్ పక్కన నిలబడ్డ ఇద్దరు దూరం జరిగిన చప్పుడు మంచు మీద వినిపించింది.

"అయితే వరసలోంచి బయటికి నడువు" అన్నాడు పెద్దనాన్న. "మా వాడి అన్నం ముట్టుకోకు. కారెక్కి పో. మళ్లీ ఈ లోయలో కనిపించావంటే కుక్కల్ని వదులుతాం."

"ఆగండి పెద్దాయనా" అన్నాడు బెక్‌సుల్తాన్. ఫైలు చంకలోంచి తీశాడు. "డాక్టరుగారూ, ఇది నిజమైతే నేను రిపోర్టు రాయాలి. ప్రభుత్వ కాగితం దిద్దడమంటే జైలు. ఒక మనిషి పోయాడు కూడా. డాక్టరుగారూ, మీకు తెలుసా ఇది?"

ఉన్ని గోడ అవతలి బూట్ల చప్పుడు కోసం సిర్గా చెవులు రిక్కించింది.

"డాక్టరుగారూ?"

సిర్గా కళ్లు మూసుకుంది. చెప్పు. నీ కొడుకును కుక్కలకు వదిలేస్తావా, చెప్పు. నా తమ్ముణ్ని వదిలేసినట్టు వదిలేస్తావా?

ఎర్మెక్ అడుగులు దూరమవుతున్నాయి. ఒకటి. రెండు. కారు తలుపు తెరుచుకున్న చప్పుడు.

గుడారం వాకిలి మీది ఉన్ని తెర పైకి లేచింది. చలిగాలి లోపలికి కొట్టింది. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. మగవాడు రాకూడని చోటికి ఒక మగవాడు వచ్చాడు. టోపీ చేతిలో ఉంది. తెల్ల జుట్టు మీద మంచు ఉంది.

సిర్గా వెనక్కి తిరగలేదు. శోకం మధ్యలో తిరగకూడదు. ఆమె గోడకు వేలాడుతున్న కొరడాను చూస్తూ కూర్చుంది.

"కూర్చున్న చోటు నుంచే రప్పించావు నన్ను" అన్నాడు కెరిమ్‌కుల్. "వాడు కిటికీ కింద ఉన్నాడని నీకు తెలుసు కదా కోడలా."

"తెలుసు."

"తెలిసే పాడావు."

"మీరూ తెలిసే చెరిపారు."

ఆయన తెరను ఒక చేత్తో అలాగే పైకి పట్టుకుని, లోపలివాళ్లకూ బయటివాళ్లకూ వినిపించేలా మాట్లాడాడు. ఆ గొంతు ప్రసంగాలు చేసే గొంతు కాదు.

"ఎర్మెక్‌ను ఆపండి. వాడు ముట్టుకోలేదు. నేను మార్చాను. మీరంతా పట్నంలో కొత్త మిషన్ కోసం మార్చాననుకుంటారు. నా కోడలూ అదే అనుకుంటోంది. మిషన్ కోసం కాదు. ప్రసూతి ఆస్పత్రికి వెళ్లే ముందు రోజు అమ్మాయి మోడల్ను పాత ఏళ్ల మీద నడిపి చూపించింది నాకు. జరిగిపోయిన చావులతో గీత సరిపోతేనే మోడల్ నిజమని నమ్మొచ్చు, చూడండి మామయ్యా అంది. సరిపోయింది. ఇరవై ఒకటి పెడితేనే సరిపోయింది. గీత ఒకచోట మెట్టెక్కినట్టు ఒక్కసారిగా పైకి లేచింది. ఏ ఏడో అమ్మాయి గమనించలేదు, ఎందుకు లేచిందో తర్వాత చూద్దామంది. నేను చూశాను. అది నా శిబిరం తెరిచిన ఏడు. దగ్గేవాళ్లందర్నీ నలుమూలల నుంచీ పిలిచి ఒక్కో గుడారంలో ఎనిమిది మందిని పడుకోబెట్టి కుమిస్ తాగించాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా బలం కోసం వచ్చేవాళ్లు. వాళ్లను వీళ్ల పక్కనే పడుకోబెట్టాను. దానికి నాకు పతకం ఇచ్చారు. ఆరు పెట్టి నడిపాను. మెట్టు పోయింది, గీత పడుకుంది. అలాగే పంపేశాను. అసలు విషయం ఇది కూడా కాదు. వినండి. కుబాత్ మేలో కొండెక్కే ముందు నా దగ్గరికి వచ్చాడు. అక్కకు చెప్పొద్దు, బాలింత, కంగారుపడుతుంది అన్నాడు. ఛాతీ మీద చెవి పెట్టి విన్నాను. కుడి పక్క పైన గరగర వినిపించింది. అదేంటో నాకు తెలుసు. పరీక్షకు రాస్తే, కేంద్రాలు మూసిన నెలలోనే, నా ఇంటి చుట్టమే మొదటి కేసు అవుతాడు. ఏం లేదురా, గడ్డి దుమ్ము, పైకెళ్లి కుమిస్ తాగు అన్నాను. చొక్కా వేసుకుంటూ, 'ఎందుకైనా మంచిది, ఈసారి కళ్లె ఇస్తాను, గుర్రం కాంపౌండరు పైకొస్తాడు కదా డాక్టరు మామయ్యా?' అని అడిగాడు. ఆ కాంపౌండరును అంతకు మూడు వారాల ముందే ఉద్యోగంలోంచి తీసేశాను. ఆ కాగితం నా బల్ల మీదే ఉంది. వస్తాడు, అన్నాను."